డెలివరీ పిల్లోళ్లకు యూనియన్ కావాలా, చట్టం చాలదా?

మారతహళ్లి మామ:
మా అన్న కొడుకు కదిరి నుంచి బెంగళూరొచ్చి బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాండాడు. శనివారం రాత్రి ఎవరో సాంబారు ఒలికిందని కంప్లైంట్ పెడితే, తెల్లారేసరికి ఐడీ బ్లాక్. చాట్‌లో "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అదే ముక్క ఆరుసార్లు వచ్చింది. అడుగుదామంటే మనిషే లేడు. యూనియన్‌లో చేరరా అంటే, చేరితే ఈ ఐడీ ఇంక రాదు చిన్నాయనా అంటాడు. మీరేమంటారు?

కోరమంగళ కోడర్:
యూనియన్ ఎందుకండీ? 2025లో కర్ణాటక గిగ్ వర్కర్లకు, అంటే ఇట్లా యాప్‌ల మీద ఆర్డర్‌కింతని పనిచేసేవాళ్లకు, చట్టమే తెచ్చింది. ప్రతి ఆర్డర్‌కూ వాళ్లకిచ్చే డబ్బు మీద 1 నుంచి 5 శాతం దాకా కంపెనీ సంక్షేమ నిధికి కట్టాలి. తీసేయాలంటే 14 రోజుల ముందే కారణం రాసివ్వాలి. ఇప్పుడు రెండు యాప్‌లు పెట్టుకుని ఏది ఎక్కువిస్తే అది తోలుకుంటున్నారు, యూనియన్ వచ్చి షిఫ్టులు పెట్టిస్తే అదీ పోతుంది. 2016లో హోసూరు రోడ్డు మీదికి గార్మెంట్ ఆడవాళ్లొచ్చింది ఏ యూనియన్ పిలిస్తే?

బొమ్మనహళ్లి అక్క:
ఆ రోజు నేనూ రోడ్డు మీదే ఉన్నా తమ్ముడూ. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్లు నిండేదాకా తీయకూడదని రూలు పెట్టారు. మిషన్ ముందు కూచునేదానికి నలభైకే నడుం పోతుంది, 58 దాకా ఎవరుంటారు? ఎవరూ పిలవలేదు, నిజమే. లంచ్ డబ్బాలు సంచిలోనే ఉన్నాయి, అట్లే నడిచాం. ఏప్రిల్ 18న మొదలైతే 19కే కేంద్రం వెనక్కి తీసుకుంది. అంతవరకే మీకు తెలుసు. బండ్లు కాలినాయని తర్వాత మా వీధి కుర్రాణ్ణి స్టేషన్‌కు పట్టుకుపోయారు. వాడు రాయి కూడా పట్టలేదు. వాళ్లమ్మ వెంట పోయి వకీలును మాట్లాడింది ఒక యూనియనామె. అంతకుముందు నెలకు చందా ఎందుకని ఆమెను మేమే విసుక్కున్నాం. నీ 14 రోజుల కాగితం ఇయ్యలేదనుకో, పోయి అడిగేదెవరు? ఐడీ పోయినోడొక్కడేనా?

కోరమంగళ కోడర్:
అడిగే మనిషి కావాలి, ఒప్పుకుంటానక్కా. ఆ మనిషి రేపు ఎలక్షన్లో నిలబడి మన చందాతో ఫ్లెక్సీలు కట్టుకుంటాడనే నా భయం.

బొమ్మనహళ్లి అక్క:
కట్టుకునేవాళ్లూ ఉన్నారులే. లెక్క అడుగు. కంపెనీని ఆ లెక్క అడగలేవు కదా.

మారతహళ్లి మామ:
పిల్లోడు పక్కనే కూచుని అన్నీ చదివినాడు. చందా ఎంతక్కా అంటాడు. ముందు ఆ 14 రోజుల నోటీసేదీ అని కంపెనీకి కన్నడలో లెటర్ రాసిచ్చేవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, టీ నాది.