విదేశీ పత్రికలకు పాపులిజం మీద పిచ్: ఎవరూ పలకట్లేదు, తప్పెక్కడ?

అడయార్_ఫ్రీలాన్సర్
చెన్నైలో ఉంటూ ఇంగ్లిష్‌లో రాస్తుంటాను. "ప్రపంచమంతటా పాపులిజం, నిరంకుశత్వం ఎందుకు పెరుగుతున్నాయి" అని హంగరీ, టర్కీ, శ్రీలంక మూడూ కలిపి 900 పదాల పిచ్ (ఈ వ్యాసం రాస్తానంటూ పంపే ప్రతిపాదన) లండన్, న్యూయార్క్ ఎడిటర్లకు పంపాను. ఒక్కరూ జవాబివ్వలేదు. ఏం మార్చాలి? డబ్బు సంగతి ఎప్పుడు ఎత్తాలి?

డెస్క్_పాతకాపు
మీరు పంపింది సబ్జెక్టు, స్టోరీ కాదండీ. "ప్రజాస్వామ్యం బలహీనపడుతోంది" అంటే ఎడిటర్ అక్కడే ఆపేస్తారు. ఏ బోల్టు ఊడదీస్తే ఏది కూలిందో చూపించాలి. హంగరీలో 2012లో జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కి దించారు. డిస్మిస్ అన్న మాటే లేకుండా సీనియర్లు బెంచి దిగాల్సొచ్చింది. నవంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు తప్పుపట్టేసరికి చాలా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చునే ఉన్నారు. ఇది పాత కథే, కానీ మీ మొదటి పేరా ఇంత గట్టిగా ఉండాలి.

పైగా హంగరీ గురించి రాయడానికి బుడాపెస్ట్‌లోనే మనుషులున్నారు, చెన్నై నుంచి మీరెందుకు? మీకు దగ్గరది శ్రీలంక. 2020 అక్టోబరులో రాజ్యాంగ 20వ సవరణ అధ్యక్షుడు గోటబయ రాజపక్స చేతికి అధికారాలు తిరిగిచ్చింది. 2022 జులైలో ఆ అధ్యక్షుడే దేశం విడిచి వెళ్లాడు. అక్టోబరులో 21వ సవరణ కొన్నింటికి కత్తెర వేసింది. మిగిలినవి ఇప్పుడెలా వాడుతున్నారు? ఈ ఒక్క ప్రశ్న చాలు, మిగతా రెండు దేశాలూ తీసేయండి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి రిపోర్టింగ్ మాత్రం వద్దు.

పిచ్ 250–300 పదాలు, మెయిల్ బాడీలోనే. అటాచ్‌మెంట్ తెరవరు. ఇప్పుడే ఎందుకో, ఎవరితో మాట్లాడతారో, వాళ్లలో ఒప్పుకున్నవాళ్లెందరో, ఎన్ని పదాలో, ఏ తేదీకి ఇస్తారో రాసి, మీ పాత వ్యాసాల లింకులు రెండు పెట్టండి. సోర్సుల పేర్లు మెయిల్‌లో వద్దు, "మాజీ అధికారి ఒకరు" అంటే సరిపోతుంది.

మాటల_పట్టింపు
ఇంకో తిరకాసు. మనం తెలుగులో ఆలోచించి రాస్తే పాపులిజం అనగానే "జనాకర్షక పథకాలు" గుర్తొస్తాయి, పిచ్ ఉచితాల మీదకు జారిపోతుంది. అక్కడి ఎడిటర్‌కు ఆ మాటకు అర్థం "అసలు ప్రజలు ఒకవైపు, చెడిపోయిన పెద్దలు ఇంకోవైపు" అనే రాజకీయం. ఆ లెక్కన 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం కంటే ఢిల్లీ మీద ఎత్తిన ఆత్మగౌరవ నినాదమే పాపులిజానికి దగ్గర. (ఇక్కడ కొట్లాట మొదలవుతుందని తెలుసు.) పాపులిస్టులందరూ నిరంకుశులు కారు, నిరంకుశులందరూ పాపులిస్టులు కారు. సైనిక నియంతకు జనం చప్పట్లతో పనేముంది? రెండు మాటలూ ఒకే అర్థంలో వాడితే, తెలిసిన ఎడిటర్‌కు అక్కడే దొరికిపోతారు.

ఇన్వాయిస్_మావయ్య
ఫీజు పిచ్‌లో ఎత్తకండి. "రాయండి" అని జవాబొచ్చిన రోజే, మొదలుపెట్టకముందే అడగండి: ఎంత, డబ్బు వ్యాసం వేసుకున్నాకా లేక రాసి ఇచ్చాకా, వేసుకోకపోతే ఇచ్చే పరిహారం (కిల్ ఫీ) ఎంత శాతం, ప్రయాణ ఖర్చు ఎవరిది. మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి, ఫోన్ మాట నిలవదు. అమెరికా పత్రికైతే డబ్ల్యూ-8బెన్ (విదేశీయులు ఇచ్చే అమెరికా పన్ను ఫారం) అడుగుతారు, నింపి ఉంచుకోండి.

లండన్ ఉదయం 9 అంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. న్యూయార్క్‌కైతే సాయంత్రం 6:30 లేదా 7:30. మెయిల్ అప్పటికి చేరేలా పంపండి.

అడయార్_ఫ్రీలాన్సర్
థాంక్సండీ. ఒకే పిచ్ ఇద్దరికి పంపొచ్చా?

డెస్క్_పాతకాపు
ఒకరికి పంపి వారం ఆగి, ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ పలక్కపోతే రెండోవారికి. వార్త వేడిగా ఉంటే మాత్రం "గురువారం దాకా ఆగుతాను" అని పిచ్‌లోనే రాసి, శుక్రవారం పొద్దున్నే ఇంకొకరికి పంపేయండి.