రోమియో జూలియట్ చావుకి అసలు బాధ్యులెవరు?

రంగస్థలం: మొన్న కాలేజీ పిల్లలు వేసిన షేక్స్‌పియర్ నాటకం రోమియో జూలియట్ చూశాను. నా లెక్కలో తప్పంతా ఫ్రయర్ (మఠంలో ఉండే క్రైస్తవ సన్యాసి) లారెన్స్‌ది. వాళ్ళిద్దరికీ దొంగచాటుగా పెళ్ళి చేశాడు. రెండో పెళ్ళి తప్పించడానికి పిల్లని 42 గంటలు శవంలా పడుకోబెట్టే మందిచ్చాడు. ఊరి నుంచి వెలివేస్తే మాంటువా అనే ఊళ్ళో ఉన్న రోమియోకి ఆ సంగతి చెప్పడానికి ఒకే ఒక్క ఉత్తరం!

వేసవివాన: ఆ ఉత్తరం పట్టుకెళ్ళిన ఫ్రయర్ జాన్‌ని ప్లేగు అనుమానంతో ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారండీ. దానికి లారెన్స్ ఏం చేస్తాడు? జూలియట్ తండ్రి కాపులెట్ మీకు కనపడలేదా? పద్నాలుగేళ్ళు నిండని పిల్లని, తను చూసిన పారిస్ అనే పెళ్ళికొడుకుని చేసుకోకపోతే వీధుల్లో పడి చావమన్నాడు. పైగా గురువారం పెళ్ళిని బుధవారానికి జరిపాడు. ఆ పిల్ల ఒకరోజు ముందే మందు తాగాల్సి వచ్చింది.

నిదానం: ఆ ఊరిని ఏలే ప్రిన్స్ మాట ఎవరూ ఎత్తరేం? ఆ రెండు కుటుంబాల గొడవల్ని చూసీ చూడనట్టు వదిలేసి ఇద్దరు బంధువుల్ని పోగొట్టుకున్నానని చివర్లో ఆయనే అంటాడు.

రంగస్థలం: ప్రిన్స్ సంగతి తర్వాత. రోమియో సేవకుడు బల్తజార్ జూలియట్ చనిపోయిందని చెప్పడానికి గుర్రం మీద మాంటువా చేరాడు కదా? అంటే దారి తెరిచే ఉంది. రెండో మనిషిని ఎందుకు పంపలేదు?

కొత్తగాచేరా: రోమియో విషం తాగకుండా కాసేపు ఆగుంటే సరిపోయేది.

వేసవివాన: మళ్ళీ ఉత్తరమేనా? తండ్రి గురించి ఒక్క ముక్క రాయరే!

రంగస్థలం: ఎందుకు పట్టుకున్నానో చెప్తాను. మా చెల్లెలి రిజిస్టర్ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన పెద్దమనిషి, ఇంట్లో గొడవ మొదలయ్యాక ఫోనే ఎత్తలేదు. లారెన్సూ అంతే. సమాధిలో జూలియట్ లేచింది. బయట అలికిడి వినగానే ఆమెని వదిలేసి పారిపోయాడు.

వేసవివాన: మీ చెల్లెలు మీకు చెప్పకుండా ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళిందో ఎప్పుడైనా అడిగారా? డిగ్రీ మధ్యలో నాకు సంబంధం ఖాయం చేశారు. వద్దంటే మా నాన్న అన్నం మానేశాడు. నా తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. చదువు అక్కడితో ఆగిపోయింది.

రంగస్థలం: మా ఇంటి సంగతి మీకెందుకండీ?

వేసవివాన: తెచ్చింది మీరే.

నిదానం: ఇద్దరూ కాస్త ఆగండి. ఈ కథనే 1562లో ఆర్థర్ బ్రూక్ కావ్యంగా రాశాడు. అందులో రోమియోకి విషం అమ్మినవాణ్ణి ఉరితీస్తారు, జూలియట్ ఆయాని వెళ్ళగొడతారు, లారెన్స్‌ని వదిలేస్తారు. తండ్రులకు మాత్రం ఏ శిక్షా లేదు.

రంగస్థలం: నేననేది ఇంతే. చేసినవాడు ఎదురుగా నిలబడాలి. కాపులెట్ ఇంటికెళ్ళి, "ఈమెకి పెళ్ళయిపోయింది, చేసింది నేనే" అని ఉంటే పారిస్‌తో పెళ్ళి ఎలా జరుగుతుంది?

వేసవివాన: చెప్తే ఆ ఇంట్లో వింటారని మీ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. మనకి తేడా అక్కడే, ఉత్తరం దగ్గర కాదు.

రంగస్థలం: వినకపోయినా చెప్పాలి. ఆ తిట్లు తినాల్సింది లారెన్స్.

వేసవివాన: ఆయన చెప్పేసి మఠానికి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి అదే ఇంట్లో ఉండాల్సింది జూలియట్. ఆమెకెవరు అడ్డం నిలబడతారో ముందు అది చెప్పండి.