నెల్లూరు మూలాపేటలో మా పెంకుటిల్లు బిల్డర్‌కి ఇచ్చేయమంటారా?

మూలస్థానేశ్వరస్వామి గుడి దగ్గర మా ఇల్లు. పక్కింటి అరుగులు కొట్టేసి అయిదంతస్తులు లేపారు. పదకొండు దాటితేగానీ మా పెరట్లో ఎండ పడదు. అమ్మ వడియాల మంచం వీధిలో వేద్దామంటే అక్కడన్నీ కార్లే. ఇప్పుడు బిల్డర్ మమ్మల్నీ అడుగుతున్నాడు, రెండు ఫ్లాట్లిస్తాడంట. మీరైతే ఏం చేస్తారు?

జవాబు: ఇచ్చెయ్ అన్నా. వానొస్తే పెంకులు సర్దేదెవరు?

జవాబు: రంగనాయకులపేటలో మాదిచ్చేశాం. నాన్న మోకాళ్ళకి లిఫ్ట్ సుఖమే. అరుగు మీద కూర్చునే ఆయన నేస్తాలు ఇప్పుడు సెల్లార్‌లో కుర్చీలేసుకుంటున్నారు, దోమల్లో.

జవాబు: సంతకానికి ముందు స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో అగ్రిమెంట్‌లో రాయించుకో. కట్టేదాకా అద్దె ఎవరిస్తారో కూడా.

అడిగినాయన: థాంక్స్. అమ్మకి అన్నీ చదివి వినిపించా. "బావి పూడుస్తారా?" అని ఒక్కటే అడిగింది.