డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: తమ్ముడు కోర్టులో ఒప్పుకోవాలా, వద్దా?

హనుమకొండ అక్క:
మా తమ్ముడు హైదరాబాద్‌లో బీటెక్ ఫైనలియర్. పోయిన శనివారం రాత్రి ఫ్రెండ్ పుట్టినరోజుకి వెళ్లి బైక్ మీద వస్తూ చెకింగ్‌లో దొరికాడు. మిషన్‌లో 78 వచ్చింది. బండి తీసేసుకున్నారు. ఇంట్లోవాళ్లతో కౌన్సెలింగ్‌కి రావాలి, తర్వాత కోర్టుకి పోవాలి అన్నారు. నాన్నకి బీపీ, ఇంకా చెప్పలేదు. నేనే వెళ్తున్నాను. వాడి రూమ్మేట్స్ "ఒప్పుకుని ఫైన్ కట్టేసి రావడమే, చలాన్ లాంటిదే" అంటున్నారు. వచ్చే ఏడాది ఎమ్మెస్‌కి అమెరికా పంపాలనుకుంటున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అసలు కోర్టులో ఏం జరుగుతుంది?

మలక్‌పేట కిరణ్:
నాకూ అయింది. పొద్దున పదింటికి వెళ్తే నా పేరు పిలిచేసరికి మూడు దాటింది. లోపల రెండు నిమిషాలే. లైసెన్సు, ఆర్‌సీ, ఆధార్ ఒరిజినల్స్ తీసుకెళ్లండి. ఫోన్ ఆఫ్ చేసుకోమనండి.

రిటైర్డ్ బెంచ్ క్లర్కు:
అమ్మా, నేను మెజిస్ట్రేట్ కోర్టుల్లో 31 ఏళ్లు చేశాను. "చలాన్ లాంటిదే" అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. సిగ్నల్ దాటినవాడికి పోలీసులే ఫైన్ రాసి వదిలేయొచ్చు. తాగి బండి నడిపితే పెట్టేది మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్, దానికి చట్టం ఆ వీలు ఇవ్వలేదు, అందుకే కోర్టుకి రమ్మన్నారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారైతే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

బంట్రోతు పేరు పిలుస్తాడు. ఆ టైమ్‌కి టీకి బయటికి పోయి పలక్కపోతే వారంటు దాకా వెళ్లొచ్చు. లోపల జడ్జిగారు ఫలానా రోజు, ఫలానా చోట తాగి బండి నడిపావని కేసు, ఒప్పుకుంటావా అని అడుగుతారు. అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఒప్పుకుంటే సాక్షులుండరు, విచారణ ఉండదు, అక్కడికక్కడే నేరం రుజువైనట్టు. తర్వాత పైకోర్టుకి వెళ్లినా శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం చెల్లదనో అనొచ్చుగానీ, నేరమే చేయలేదనడానికి ఉండదు.

ఒకసారి ఒక కుర్రాడు ఫ్యాన్ చప్పుడులో ఏమీ వినపడక ఊరికే తలూపాడు. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి, "నేనేం అడిగానో చెప్పు" అన్నారు. వాడి పెదాలు వణుకుతున్నాయి, మాట రాలేదు. ఆవిడ మళ్లీ మొదటినుంచి నిదానంగా తెలుగులో చెప్పారు. అంత ఓపిక అందరికీ ఉండదమ్మా, రోజుకి అన్ని కేసులు. అందుకని వినపడకపోతే "అర్థం కాలేదు సార్" అని మీవాడే అడగాలి. అది వాడి హక్కు.

ఒప్పుకోకపోతే వాయిదా పడుతుంది, పోలీసుల సాక్ష్యం వింటారు. నిజంగా తాగి నడిపాడు కాబట్టి ఒప్పుకోవడమే మర్యాద అని నా ఉద్దేశం. కానీ అమెరికా మాట ఉంది కదా, ఒప్పుకునే ముందే లాయర్ని కలవండి. ఖర్చుకి ఇబ్బందైతే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయసేవా సంస్థ నంబరు. మొదటి తప్పు, చదువుకుంటున్నాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు అన్నవి శిక్ష చెప్పకముందే జడ్జిగారి చెవిన పడాలి.

ఇంకో మాట. కొందరికి ఫైన్‌తోపాటు "కోర్టు లేచేవరకు" అని శిక్ష వేస్తారు. సాయంత్రం దాకా వెనక బెంచీ మీద కూర్చోవడమే కదా అని నవ్వుకుంటూ వెళ్లినవాళ్లని చూసి బాధపడేవాణ్ణి. కాగితం మీద అది జైలుశిక్షే. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. దాచొద్దు, దాస్తే అది ఇంకో తప్పు. ఫైన్ రసీదుతో సరిపెట్టుకోకుండా తీర్పు సర్టిఫైడ్ కాపీ కూడా తీసుకోండి.

హనుమకొండ అక్క:
చాలా థాంక్సండీ. మీది చదివాక నాన్నకి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నేనూ వస్తాను" అన్నారు. రేపు లాయర్ దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం. కాపీ కోసం ఆ రోజే అడగొచ్చా?

రిటైర్డ్ బెంచ్ క్లర్కు:
అడగొచ్చమ్మా. శిక్ష చెప్పగానే బయటికి వచ్చేయకుండా అక్కడున్న బెంచ్ క్లర్కుని ఎస్‌టీసీ నంబరు, అంటే కోర్టులో మీవాడి కేసు నంబరు, అడిగి రాసుకోండి. కాపీ దరఖాస్తులో ఆ నంబరే రాయాలి. నాన్నగారి బీపీ మాత్రలు, భోజనం వెంట పెట్టుకోండి, ఎంతసేపవుతుందో చెప్పలేం.