వాంకూవర్‌లో పెద్దవారితో తేలికైన సైకిల్ చుట్టు: ఏ దారి మంచిది?

ప్రశ్న (సర్రే నుంచి)

అందరికీ నమస్కారం. మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఈ వేసవి మాతోనే ఉంటున్నారు. వయసు 67. ఉద్యోగం చేసినంతకాలం బడికి సైకిల్ మీదే వెళ్లివచ్చేవారు. రోడ్ల మీద బళ్లు పెరిగాక ఇంట్లో అందరం పట్టుబట్టి మాన్పించాం. ఇక్కడ సైకిళ్లకు వేరే దారులు చూసినప్పటి నుంచి "ఒక్కసారి తొక్కి చూస్తానమ్మా" అంటున్నారు. తొమ్మిదేళ్ల మా పాప కూడా తాతయ్యతో వెళ్తానని ఎగురుతోంది. నీటి ఒడ్డున, చెట్ల మధ్య సాగే దారి కావాలి. పెద్ద ఎత్తులు ఉండకూడదు. ఎవరిని అడిగినా స్టాన్లీ పార్క్ అంటున్నారు. ఆయనకు ఒక మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుంది. సగం దూరం వెళ్లాక అలసిపోతే ఏం చేయాలన్నదే నా బెంగ. పాపకు సైకిల్ ఉంది, మా ఇద్దరికీ అద్దెకు తీసుకోవాలి.

జవాబు (ఫెయిర్‌వ్యూ నుంచి)

మీ బెంగ సరైనదేనండీ. చాలాకాలం తర్వాత సైకిలెక్కే పెద్దవారి విషయంలో దారి అందం తర్వాత సంగతి. కావలసిన చోట ఆపేసి ఇంటికి వచ్చే వీలుందా అన్నది ముందు చూడాలి. ఆ లెక్కన ఫాల్స్ క్రీక్ చుట్టును మించింది ఈ ఊళ్లో లేదు. ఊరి నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. దాని రెండు గట్ల మీదా సీవాల్, అంటే ఒడ్డు గోడ వెంట సాగే దారి ఉంది. స్కైట్రెయిన్ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్లు, చిన్న పడవల రేవులు దగ్గరదగ్గరగా ఉంటాయి. నేను చెప్పే చుట్టు మొత్తం సుమారు 12, 13 కిలోమీటర్లు. ఆగుతూ, కూర్చుంటూ వెళ్తే ఒక పూట పడుతుంది.

సర్రే నుంచి స్కైట్రెయిన్ ఎక్స్‌పో లైన్ ఎక్కి మెయిన్ స్ట్రీట్–సైన్స్ వరల్డ్ స్టేషన్లో దిగండి. సైన్స్ వరల్డ్ అనే మెరిసే పెద్ద గోళం కనబడుతుంది. 1986 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది. అంతకుముందు ఈ గట్లన్నీ రంపపు మిల్లులు, రైలు యార్డులే. గోళం దగ్గర నీటిని కుడిచేతి వైపు ఉంచుకుని పడమరగా బయలుదేరండి. చుట్టులో చాలా భాగం నీరు మీ కుడిపక్కనే ఉంటుంది. ఇక్కడ కుడివైపు నడవాలి కాబట్టి, ఆగాలనిపిస్తే ఎదురొచ్చేవారికి అడ్డం పడకుండా ఒడ్డుకు జరగవచ్చు. ఎదురు దిశలో వెళ్తే ఈ సౌకర్యం ఉండదు.

కొద్ది దూరంలోనే ఒలింపిక్ విలేజ్. 2010 శీతాకాల ఒలింపిక్స్‌కు వచ్చిన క్రీడాకారుల బస అక్కడే. కూడలిలో మనిషి ఎత్తుకు రెండు మూడింతలున్న రెండు పిచ్చుక బొమ్మలున్నాయి. పాప అక్కడ తప్పకుండా ఆపుతుంది, ఆపనివ్వండి. తర్వాత కాంబీ వంతెన కింద నుంచి గ్రాన్‌విల్ ఐలాండ్ వరకు దారి చదునుగా సాగుతుంది. సైకిళ్లకు, నడిచేవారికి వేర్వేరు బాటలు ఉన్న చోట నేల మీద గుర్తులుంటాయి, చూసుకుంటూ వెళ్లండి.

గ్రాన్‌విల్ ఐలాండ్‌లో సైకిల్ తొక్కకండి. కార్లు, బళ్లు, జనం కలగలిసిపోయే చోటు అది. మార్కెట్‌కు వెళ్లాలనుకుంటే సైకిళ్లకు తాళం వేసి నడిచి వెళ్లండి. అక్కడి నుంచి ఫర్ వీధి వైపు కొంచెం ఎత్తు ఎక్కాలి. మామయ్యగారిని దిగి నడిపించుకుంటూ రమ్మనండి. కష్టమైన ముక్క ఇదొక్కటే.

ఆ ఎత్తు దాటితే ఆర్బ్యుటస్ గ్రీన్‌వే మొదలు. ఒకప్పటి రైలు దారి. చివరి గూడ్స్ బండి 2001లో నడిచింది. 2016లో నగరపాలక సంస్థ ఈ స్థలాన్ని కెనడియన్ పసిఫిక్ రైల్వే నుంచి 5.5 కోట్ల డాలర్లకు కొన్నది. పూర్తి దారి దక్షిణాన ఫ్రేజర్ నది దగ్గర వరకు వెళ్తుంది కానీ, మీకు సైప్రస్ వీధి వరకు చాలు. పట్టాలున్న చోట ఇప్పుడు తారు బాట, దాని పక్కన ఇరుగుపొరుగువారు పెంచుకునే కూరగాయల మళ్లు. చిక్కుడు పందిళ్లు చూస్తే మామయ్యగారు దిగకుండా ఉండలేరు. ఆగస్టులో కంచెల వెంట బ్లాక్‌బెర్రీలు నల్లగా పండి ఉంటాయి. ముళ్లు గట్టివి, పాపకు ముందే చెప్పండి.

సైప్రస్ వీధిలో కుడికి తిరిగితే సముద్రం వైపు దిగుడే. కిట్సిలానో బీచ్, ఆ పక్కనే వేనియర్ పార్క్. పచ్చిక మీద కూర్చుంటే ఎదురుగా ఇంగ్లిష్ బే, అవతల కొండలు. తర్వాత బరార్డ్ వంతెన ఎక్కండి. 1932 నాటి వంతెన. రెండు పక్కలా కార్లకు అందకుండా గోడ కట్టిన సైకిల్ దారులున్నాయి, ఒక్కొక్కటి ఒకే దిశకు. ఊరి నడుమకు వెళ్లేవారు తూర్పు పక్కది పట్టుకోవాలి. వంతెన ముందు కూడలిలో సైకిల్ గుర్తున్న సిగ్నల్ కోసం ఆగి దాటండి. అవతల దిగాక నీటి ఒడ్డుకు చేరి యేల్‌టౌన్ మీదుగా తూర్పుగా వెళ్తే మళ్లీ సైన్స్ వరల్డ్.

మరొకరు (బర్నబీ నుంచి)

దారి బాగుంది. కానీ వాంకూవర్ దాకా వచ్చి స్టాన్లీ పార్క్ చూడకుండా పంపించేస్తారా? ఆదివాసులు బొమ్మలు చెక్కిన టోటెమ్ స్తంభాలు, లయన్స్ గేట్ వంతెన కింద గాలి, అదంతా వేరే అనుభవం కదండీ.

ఫెయిర్‌వ్యూ నుంచి

తప్పకుండా చూడాలి, రెండో విడతలో. స్టాన్లీ పార్క్ సీవాల్ మీద సైకిళ్లు అపసవ్య దిశలోనే వెళ్లాలి. వెనక్కి తిరగడం కుదరదు. ఆ చుట్టు దాదాపు 10 కిలోమీటర్లు. లయన్స్ గేట్ వంతెన దాటాక ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం. అక్కడ మోకాలు మొరాయిస్తే ముందుకు నడవడమే మిగులుతుంది. ముందు ఫాల్స్ క్రీక్‌లో ఆయన ఎంతసేపు తొక్కగలరో మీకూ తెలుస్తుంది, ఆయనకూ తెలుస్తుంది. ఆ తర్వాత కోల్ హార్బర్ వైపు నుంచి పార్క్‌లోకి వెళ్లండి. ఇంగ్లిష్ బే వైపు నుంచి వచ్చేవారు సెకండ్ బీచ్ దగ్గర నేరుగా సీవాల్ ఎక్కితే ఎదురు దిశలో పోతారు. లాస్ట్ లగూన్ అనే చెరువు పక్కగా అవతలికి చేరి అప్పుడు మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

ఎంత వివరంగా చెప్పారండీ, చాలా ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. సైకిల్ ఎలాంటిది తీసుకోవాలి? దారిలో మరుగుదొడ్లు, తినడానికి చోటు ఉంటాయా?

ఇంకొకరు (సైకిళ్లు బాగుచేసే పని తెలిసినవాణ్ని)

సైకిల్ సంగతి నేను చెబుతాను. మధ్యలో అడ్డు బార్ లేని రకం అడగండి. మన దగ్గర లేడీస్ సైకిల్ అనేవాళ్లం కదా, అదే. మోకాలు నొప్పి ఉన్నవారికి ఎక్కడం, దిగడమే అసలు కష్టం. సీటు ఎత్తు సరిచేయించండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి మీద భారం పెరుగుతుంది. పాదం ఆనదని పెద్దవారు సీటు దించమంటారు. మొదట దించి అలవాటు కానివ్వండి, ఒక కిలోమీటరు తర్వాత కాస్త పెంచండి.

బ్రేకుల విషయం మరీ ముఖ్యం. మన ఊళ్లలో చాలా సైకిళ్లకు కుడిచేతిది ముందు చక్రం బ్రేకు. ఇక్కడ కుడిచేతిది వెనక చక్రానికి, ఎడమచేతిది ముందు చక్రానికి. పాత అలవాటులో ఎడమది గట్టిగా నొక్కితే బండి ముందుకు తిరగబడే ప్రమాదం ఉంది. బయలుదేరే ముందు ఖాళీ చోట మెల్లగా తొక్కిస్తూ రెండూ విడివిడిగా నొక్కించి చూడండి. ఎదురుగా ఎవరైనా హఠాత్తుగా వస్తే మనవారి చేయి ఎడమకు తిప్పుతుంది. "కుడికి, కుడికి" అని ఇద్దరూ అనుకుంటూ వెళ్లండి. పాపను ముందు ఉంచి, మధ్యలో ఆయనను, వెనక మీరు.

బ్రిటిష్ కొలంబియాలో ఏ వయసువారికైనా హెల్మెట్ తప్పనిసరి. అద్దె దుకాణంలోనే అడిగి తీసుకోండి. వీధి స్టాండ్లలో దొరికే పబ్లిక్ సైకిళ్లు బరువుగా ఉంటాయి, ఒక పూటంతా తిరగడానికి దుకాణం సైకిలే మేలు. యేల్‌టౌన్‌లో తీసుకుంటే చుట్టు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఫెయిర్‌వ్యూ నుంచి

మరుగుదొడ్లు గ్రాన్‌విల్ ఐలాండ్ మార్కెట్లో, కిట్సిలానో బీచ్‌లో, సన్‌సెట్ బీచ్‌లో ఉన్నాయి. ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లి వేనియర్ పార్క్ పచ్చిక మీద తినండి. మార్కెట్ బయట బల్లల దగ్గర డబ్బా తెరవకండి, సముద్రపు పక్షులు చేతిలోది లాక్కుపోతాయి.

శని, ఆదివారాలైతే ఉదయం పది లోపే బయలుదేరండి, మధ్యాహ్నానికి సీవాల్ కిక్కిరిసిపోతుంది. ఆగస్టులో అడవి మంటల పొగ వస్తే ఆ రోజు మానుకోండి. పాప సైకిల్ రైల్లో తెచ్చుకోవచ్చు, పనిరోజుల రద్దీ వేళల్లో ఆంక్షలున్నాయి. మామయ్యగారు అలసిపోతే గ్రాన్‌విల్ ఐలాండ్ నుంచి యేల్‌టౌన్‌కు చిన్న పడవలో దాటేయండి. సైకిళ్లను ఎక్కించుకునే పడవలు కొన్నే ఉంటాయి, రేవులో ముందే అడగండి. వెళ్లొచ్చాక ఆ ఫర్ వీధి ఎత్తు ఆయనకు ఎలా అనిపించిందో ఇక్కడ రాయండి, పెద్దవారిని తీసుకెళ్లాలని చూస్తున్న మిగతావారికి అదే కావాలి.