అప్‌డేట్: టర్కిష్‌లో చూడకుండా ‘గెల్ది’ అంటే అబద్ధమేనా?

టర్కిష్‌లో జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు, మామూలుగా కళ్లారా చూసినదానికి క్రియ చివర ‘-ది’, విన్నదానికీ ఊహించినదానికీ ‘-మిష్’ చేరుస్తారు. చూడని సంగతికి ‘-మిష్’ బదులు ‘-ది’ వాడితే అబద్ధమాడినట్టా అని అడిగాను. జవాబులన్నీ కలిపి చూస్తే, కాదు. మనిషి నిజంగా వచ్చి ఉంటే ‘గెల్ది’ (వచ్చాడు) నిజమే. తప్పుదోవ పట్టించేది అది ఎలా తెలిసిందన్న విషయంలో మాత్రమే. ‘గెల్మిష్’ అంటే వచ్చాడట, లేదా గుమ్మంలో చెప్పులు చూసి వచ్చినట్టున్నాడు అనుకోవడం. వినికిడి, ఊహ రెండూ ఒకే ప్రత్యయంలో! మన ‘అట’కి ఊహ అంత సులువుగా పట్టదు.

‘గెల్ది’కి జవాబుగా ‘హయిర్’ (కాదు) అంటే కొట్టేసేది అతను వచ్చాడన్న మాటనే, ఆధారాన్ని కాదు. ఆధారం నిలదీయాలంటే ‘గొర్దున్ మూ?’ (చూశావా?) అని విడిగా అడగాలి.

ఆధునిక టర్కీ స్థాపకుడు అతాతుర్క్ 1881లో పుట్టాడనడానికీ ‘-ది’ రూపమే మామూలు. స్థిరపడ్డ జ్ఞానానికి కంటిసాక్ష్యం అక్కర్లేదు. ‘ఉయుముషుమ్’ (ఇందులోని ‘-ముష్’ కూడా ‘-మిష్’ రూపమే) అంటే నాకు తెలియకుండానే నిద్రపట్టేసిందని. ‘పిష్‌మిష్ ఎత్’ (ఉడికిన మాంసం)లో ‘-మిష్’ వట్టి విశేషణం, వినికిడి ఏమీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తడబడవచ్చు.