కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్‌లో 'మూన్‌చైల్డ్' ఎలా వినాలి?

ప్రశ్న:
బ్రిటిష్ రాక్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ వాళ్ల 'ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్' (1969) ఈమధ్యే వింటున్నాను. ఉన్నవి ఐదే పాటలు. 'ఎపిటాఫ్' అయితే నన్ను పట్టేసింది, గ్రెగ్ లేక్ గొంతు వెనకాల ఆ వయొలిన్లు కమ్ముకొస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది. 'మూన్‌చైల్డ్' దగ్గరే ఆగిపోతున్నాను. కాసేపు చక్కటి పాట, ఆ తర్వాత చాలా నిమిషాలు ఏవో చిన్న చిన్న చప్పుళ్లు. దాటేస్తే నష్టమా?

జవాబు 1:
అవి వయొలిన్లు కావండి, మెలోట్రాన్. చూడ్డానికి కీబోర్డే, కానీ ఒక్కో మీటకీ ఒక్కో టేపు ముక్క ఉంటుంది, దానిమీద వయొలిన్లు ముందే రికార్డు చేసి పెడతారు. మీట నొక్కి పట్టుకుంటే ఎనిమిది సెకన్లకల్లా టేపు అయిపోతుంది, వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. టేపు కాబట్టి శ్రుతి కాస్త వణుకుతుంది, 'ఎపిటాఫ్'లో ఆ దిగులంతా నాకు ఆ వణుకులోనే వినిపిస్తుంది. వాయించింది ఇయాన్ మెక్‌డొనాల్డ్, ఫ్లూటూ శాక్సఫోనూ కూడా ఆయనే.

జవాబు 2:
దాటెయ్యకండి. ఆ చప్పుళ్లు అప్పటికప్పుడు వాయించుకున్నవి: రాబర్ట్ ఫ్రిప్ గిటార్, మెక్‌డొనాల్డ్ వైబ్రఫోన్ (లోహపు పలకల మీద కర్రలతో కొట్టి వాయించే వాద్యం), మైకేల్ గైల్స్ డ్రమ్స్. ఒకరు ఒక స్వరం వదిలితే ఇంకొకరు ఎంతసేపు ఆగి బదులిస్తున్నారో చూడండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట వింటే గైల్స్ సింబల్‌ని ఎంత మెల్లగా తాకుతున్నాడో కూడా తెలుస్తుంది. అంత నిశ్శబ్దం తర్వాత చివరి పాట డ్రమ్స్‌తో, మెలోట్రాన్‌తో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మధ్యది తీసేస్తే ఆ దెబ్బలో సగం బలం పోతుంది.

జవాబు 3:
నేను మాత్రం ఒప్పుకోను బ్రో. ఆ భాగం నిడివి ఎక్కువే, 2009లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు పాత రికార్డింగ్‌ని మళ్లీ కొత్తగా కలిపి చేసిన రీమిక్స్‌లో దాన్ని కొంత కుదించారు కూడా. ముందు ఆ వెర్షన్ వినండి, నచ్చితే పాతదానికి వెళ్లొచ్చు. ఈ ఆల్బమ్ అసలు సత్తా మొదటి పాట '21స్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్' మధ్యలో ఉంది. గిటార్, శాక్స్, బేస్, డ్రమ్స్ అన్నీ ఒకే వేగంలో పరిగెత్తి, టక్కున ఆగి, మళ్లీ ఒక్కటిగా అందుకుంటాయి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాదు. ఒక్క రికార్డూ బయటికి రాకముందే, 1969 జూలై 5న లండన్ హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కన్నా ముందు ఇదే పాట వాయించారు వీళ్లు! ఆల్బమ్ అక్టోబర్‌లో వచ్చింది, ఆ ఏడాది చివరికే మెక్‌డొనాల్డ్, గైల్స్ ఇద్దరూ బ్యాండ్ వదిలేశారు. ఈ ఐదుగురూ కలిసి ఇంకో ఆల్బమ్ చెయ్యలేదన్న బాధ నాకిప్పటికీ ఉంది.

జవాబు 4:
ఐదో మనిషి పీటర్ సిన్‌ఫీల్డ్, ఆయన వాద్యమేమీ వాయించలేదు, పాటలు రాశాడు. 'ఎపిటాఫ్' నచ్చిందన్నారుగా, ఈసారి సాహిత్యం ముందు పెట్టుకుని వినండి.